మైలవరంలో వాన, మా లంకలో నీళ్లు

మాది కొల్లేరు అనగానే ఎదుటివాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: "ఐదో కాంటూరా, మూడో కాంటూరా?" నా పెళ్లిమాటలప్పుడు కూడా అడిగారు. అభయారణ్యం జీవో వచ్చిన మరుసటి ఏడు అది. ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ మాట్లాడుకున్నాక, మా మామగారి తరఫు పెద్దాయన ఒకాయన గొంతు సవరించుకుని, "పొలం ఏ కాంటూరులో ఉందండీ?" అని మెల్లగా కదిపాడు. మా నాన్న తడుముకోకుండా "నీళ్లలో ఉందండి" అన్నాడు. అందరూ నవ్వారు. సంబంధం కుదిరింది గానీ, ఆ ఎకరంన్నర ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. కాంటూరు అంటే సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తున ఉందో చూసి గీసిన గీత. ఐదడుగుల గీత దాకా లెక్కేస్తే కొల్లేరు 308 చదరపు కిలోమీటర్లు, ఎకరాల్లో చెప్పాలంటే 76 వేల పైచిలుకు. 1999లో జీవో 120 ఇచ్చి, ఆ గీత లోపలిదంతా అభయారణ్యం అన్నారు. గీతని మూడడుగులకి దించితే మిగిలేది 135 చదరపు కిలోమీటర్లే. 2002లో చిత్తడి నేలల్ని కాపాడటానికి దేశాలు చేసుకున్న రామ్‌సర్ ఒప్పందం జాబితాలో చేర్చేటప్పుడు మాత్రం పదడుగుల గీత దాకా పోయి 901 చదరపు కిలోమీటర్లు అని రాశారు. 2008లో అసెంబ్లీ మూడుకి తగ్గించమని తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వచ్చి, చూసి, తగ్గించొద్దంది. ఎన్నికల ముందు మా ఊళ్లకి వచ్చినవాళ్లందరూ గీత దిగుతుందనే చెప్తారు. కోర్టులో వాయిదా పడిన రోజున అది ఎక్కడికీ దిగదని పేపర్లో చదువుకుంటాం.

గీత సంగతి తేలితే కొల్లేరు సంగతి తేలిపోతుందని అందరూ అనుకుంటున్నారు. నాకు అలా అనిపించదు. గీత లోపలున్న ఊళ్లు ఏం చేయకూడదో జీవోలో రాసి ఉంది. గీతకి యాభై, అరవై మైళ్ల అవతల నుంచి మా మీదకి నీళ్లు, మురుగు, చెత్త పంపేవాళ్లు ఏం చేయాలో అందులో లేదు. ఈ పోస్టు దాని గురించి.

ముందు మా సంగతి చెప్పుకోవాలి, లేకపోతే న్యాయం కాదు.

మాది మండవల్లి మండలంలో ఒక లంక. కొల్లేరు నడిబొడ్డున, గట్టుమీద ఇళ్లు, చుట్టూ నీళ్లు. సరస్సు లోపల ఇలాంటివి 46 ఊళ్లు, అంచున ఇంకో 76 ఉన్నాయని లెక్క చెప్తారు. ఆఫీసు భాషలో వీటిని బెడ్ విలేజీలు, బెల్ట్ విలేజీలు అంటారు. మేం వడ్డీలం, చేపల వేట కులవృత్తి. మా నాన్న తాటిదోనె మీద పోయి మావులు పెట్టి చేపలు పట్టేవాడు. కొరమీను, మట్టగిడస, ఇంగిలాయి, గొరక. వేసవిలో నీరు తీశాక బయటపడ్డ నేలలో దాళ్వా వరి ఊడ్చేవాళ్లు. వానాకాలం నీళ్లది, ఎండాకాలం మాది అన్నట్టు ఉండేది.

ఆ రోజుల్లో ప్రతి ఊరికీ కట్టుబాటు ఉండేది. మా ఊరి నీళ్లు ఎక్కడ దాకా, పక్క లంకవాళ్లవి ఎక్కడి నుంచి అన్నది కిక్కిస దుబ్బుల గుర్తులతో సహా అందరికీ తెలుసు. వలకట్లు ఎక్కడ కట్టొచ్చు, నీళ్లు పారే దారిలో ఎంత మేర వదలాలి అన్నది పెద్దలు చెప్పేవాళ్లు. దారి మూసేస్తే తప్పు కట్టాలి. తొలకరికి ఎదురెక్కే చేపని పట్టినవాడు రచ్చబండ దగ్గర నిలబడాలి. కొంత నీటి భాగాన్ని గుడి పేరున పాట పెట్టి, ఆ డబ్బుతో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి మా ఊరి మొక్కు తీర్చేవాళ్లు.

దీన్ని చెప్పి మా పెద్దలు మహానుభావులని అనిపించడం నా ఉద్దేశం కాదు. రచ్చబండ మీద ఆడవాళ్లు ఎప్పుడూ కూర్చోలేదు. దళితుల పల్లెలోవాళ్లకి పాటలో వాటా అడిగే ధైర్యం ఉండేది కాదు. కానీ నీళ్లు పారే దారి మూయకూడదు అన్న ఒక్క విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు ఉండేది కాదు. దారి మూస్తే ముందు మునిగేది ఎదురింటివాడే కాబట్టి.

1976 ప్రాంతంలో జలగం వెంగళరావు గారి హయాంలో మా జాలర్లకి, ఎస్సీలకి సొసైటీలు పెట్టించి, చేపల చెరువులు తవ్వుకోమని సరస్సులో భూములిచ్చారు. పేదవాళ్ల బాగు కోసమే ఇచ్చారు. ఆ డబ్బుతో చదువుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, కాదనను. బొచ్చె, శీలావతి పిల్ల వేస్తే పదినెలలకి కలకత్తా లారీ ఎక్కేది. తవుడు, చెక్క, ఐసు, లారీ, కాటా, దేనికి కావాలన్నా పెట్టుబడి ఉండాలి. పెట్టుబడి మా దగ్గర లేదు. అది ఉన్నవాళ్లు కైకలూరు నుంచి, ఆకివీడు నుంచి, భీమవరం నుంచి, ఇంకా దూరం నుంచి వచ్చారు. చెరువులు లీజుకి తీసుకున్నారు.

నేను చాలా ఏళ్లు ఆలోచించింది ఇక్కడే. ఊరంతా ఒక మాట మీద ఉండే అలవాటు నీళ్లని కాపాడింది కదా, అదే అలవాటు ఊరి చెరువులన్నిటినీ ఒకే కాగితం మీద బయటివాళ్లకి అప్పగించడానికీ పనికొచ్చింది. ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకునే పని లేదు. పెద్దలు ఊఁ అంటే చాలు, ఏడాది లీజు వస్తుంది, రేషన్ కార్డుకి ఇంత అని పంచుతారు. మా నాన్న వాటా డబ్బులు తెచ్చి అమ్మ చేతికిచ్చేవాడు గానీ, చెరువు గట్టు ఎక్కేవాడు కాదు. గట్టు మీద కాపలా ఉండేది, "ఎవర్రా" అని అడిగేవాళ్లు. దాళ్వా పోవడంతో మా ఊరి ఆడవాళ్లకి ఊడ్పులు, కోతలు పోయాయి. చేపల చెరువులో ఆడమనిషికి పని లేదు. ఇప్పుడు మా పెద్దమ్మ కోడళ్లు తెల్లవారుజామున వ్యాను ఎక్కి భీమవరం వైపు రొయ్యల షెడ్లకి పోతారు, తలలు తీసే పనికి. వేళ్లు ఒరుసుకుపోయి ఉంటాయి.

గట్లు ఒకదాన్ని ఆనుకుని ఒకటి లేచాయి. నీళ్లు పారే దారి మూయకూడదన్న మాట అప్పటికే పాతపడింది.

2006లో, గీత లోపలి చేపల చెరువులు కొట్టేయడానికి సర్కారు ఆపరేషన్ కొల్లేరు వచ్చింది. నేనప్పటికి కైకలూరు దగ్గర హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తున్నాను. పొక్లెయిన్లు సరిపోక మందుపాతర్లు పెట్టి గట్లు పేల్చారు. ఏడో తరగతి పిల్లలకి కిరణజన్య సంయోగక్రియ చెప్తుంటే దూరంగా ధన్ ధన్ మని చప్పుళ్లు. పిల్లల్లో సగం మంది మొహాలు పాలిపోయి ఉండేవి, అవి వాళ్ల ఊళ్లే కదా. ఆ సాయంత్రాలు మా నాన్న అడిగిన మాట నాకు ఇప్పటికీ సమాధానం దొరకనిది: "చెరువు పోయింది సరేనమ్మా, కొల్లేరు ఎప్పుడొస్తుంది?" సంప్రదాయ వేటకి అడ్డు లేదన్నారు. వేటాడటానికి నాటు చేప ఉండాలి, చేప ఉండటానికి నీరు బాగుండాలి, నీరు బాగుండటానికి పైనుంచి వచ్చేది బాగుండాలి. గట్లు పేల్చినవాళ్లు ఆ పై మాట దాకా రాలేదు. అభయారణ్యంలో పడ్డ జిరాయితీ భూమి, అంటే జనం సొంత పట్టా భూమి, దాదాపు 15 వేల ఎకరాలు, దాని నష్టపరిహారం కథ పెద్దది, ఇంకోసారి రాస్తాను.

తరవాత గట్లు మళ్లీ లేచాయి. కొన్ని రాత్రిపూట, కొన్ని పట్టపగలే. మా చిన్నాన్న కొడుకు చెరువు కూడా ఐదో కాంటూరు లోపలే ఉంది. ఈ ముక్క చదివితే వాడు నాతో నెల రోజులు మాట్లాడడు. వాడి మీద నాకు కోపం లేదు. వాడు బొచ్చె, శీలావతి వేసి తవుడు మేపుతాడు. కోడి వ్యర్థాలు తెచ్చి చేపకి మేపే చెరువుల మీద మాత్రం కోపమే. ఆ నీళ్లు వదిలిన రోజు మా ఊరి కాలవలో చెయ్యి పెట్టలేం.

ఇక పైనుంచి వచ్చే నీళ్లు.

కొల్లేటికి నీరిచ్చేవి ముఖ్యంగా బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు. వీటికి తోడు కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కాలవలు బోలెడు. బుడమేరు మైలవరం చుట్టుపక్కల కొండల నీళ్లు పట్టుకుని వెలగలేరు దాకా వస్తుంది. అక్కడ రెగ్యులేటర్ ఉంది. కొంత నీటిని డైవర్షన్ చానల్లోకి మళ్లించి కృష్ణలో కలుపుతారు. మిగిలింది పాత దారిన విజయవాడ పక్కనుంచి పల్లంలోకి దిగి మా దగ్గరికొస్తుంది. తమ్మిలేరు ఖమ్మం వైపు కొండల్లో మొదలై చింతలపూడి దగ్గర నాగిరెడ్డిగూడెం రిజర్వాయర్లో ఆగి, ఏలూరుని రెండు పాయలుగా చుట్టి కొల్లేట్లో పడుతుంది. అంటే పాత ఖమ్మం, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఒక్కో ముక్క మీద పడ్డ వాన చివరికి మా లంకల చుట్టూ చేరుతుంది. పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. ఆకివీడు దగ్గర మొదలై దాదాపు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి సముద్రంలో కలుస్తుంది. పెద్ద వరదలో కొల్లేట్లోకి లక్ష క్యూసెక్కులు పైగా రావచ్చని ఇంజినీర్ల లెక్క. ఉప్పుటేరు లాగేది అందులో పదో వంతుకి కాస్త అటూఇటూ.

ఇది రాసినంత సులువుగా జనానికి తెలియదు. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు దేశమంతా బుడమేరు పేరు విన్నది. డైవర్షన్ చానల్‌కి గండ్లు పడ్డాయి, బెజవాడలో మేడల మీద జనం, పడవలు, డ్రోన్లతో పాల ప్యాకెట్లు. టీవీలన్నీ అక్కడే. గండ్లు పూడ్చేశారు, విజయవాడ ఊపిరి పీల్చుకుంది, వార్తలు ఆగిపోయాయి. ఆ నీళ్లు ఎక్కడికి పోయాయని ఒక్క యాంకరూ అడగలేదు. మా దగ్గరికే వచ్చాయి. నెమ్మదిగా, రోజుకి ఇంత అని పెరుగుతూ వచ్చాయి. చినఎడ్లగాడి దగ్గర రోడ్డు మీదకి నీరెక్కి ఏలూరు, కైకలూరు మధ్య రాకపోకలు ఆగిపోయాయి. పెనుమాకలంక, నందిగామలంక, ఇంగిలిపాకలంక లాంటి ఊళ్లకి మళ్లీ పడవలే దిక్కయ్యాయి. మా పెద్దమ్మ ఇంట్లో గడప దాకా వచ్చి ఆగింది. నగరంలో వరద దూకుతుంది, కొల్లేట్లో వరద కూర్చుంటుంది. వారమైనా లేవదు.

అప్పుడే మా టీచర్ల గ్రూపు కథ మొదలైంది. దీని గురించే రాయాలని కూర్చుని ఇంతసేపు ఎక్కడెక్కడో తిరిగాను.

ఉమ్మడి కృష్ణా జిల్లాలో టీచరుగా పనిచేసినవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. బదిలీల్లో జిల్లా అంతా తిరుగుతాం. రెడ్డిగూడెంలో నాతో పనిచేసిన సోషల్ మాస్టారు ఇప్పుడు మైలవరంలో, హిందీ మేడమ్ జి.కొండూరులో, మా బ్యాచ్‌మేటు గుడివాడ దగ్గర. పీఆర్సీ గురించి, డీఏ బకాయిల గురించి తిట్టుకోవడానికి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు అది. సెప్టెంబరు వరదలో నేను అందులో ఊరికే అడిగాను: "మీ వైపు వాన తగ్గిందా?" సోషల్ మాస్టారు వాగు దగ్గరికి వెళ్లి ఫొటో తీసి పెట్టారు. తరవాత హిందీ మేడమ్ వెలగలేరు గేట్ల సంగతి పెట్టారు. ఆ ఫొటోలు నేను మా ఊరి ఆడవాళ్ల పొదుపు సంఘం గ్రూపులోకి పంపాను. గంటలో మా చిన్నమ్మ ఫోన్ చేసింది: "అంత నీరు మన దగ్గరికి ఎన్నాళ్లకొస్తదే?"

నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. ప్రభుత్వం నీటి వివరాలు ఇవ్వదని కాదు, ఇస్తుంది. క్యూసెక్కుల్లో ఇస్తుంది. మా చిన్నమ్మకి క్యూసెక్కు పనికిరాదు. బియ్యం బస్తా మంచం మీద పెట్టాలా, అటక మీద పెట్టాలా అన్నది ఆవిడకి కావాలి.

అందుకని పిల్లలని పట్టుకున్నాను. మా స్కూలుకి లంకల నుంచి వచ్చే పిల్లలు ప్రతివాళ్లకీ ఒక గుర్తు ఇచ్చాం. ఒకడికి వాళ్ల ఊరి రేవు మెట్లు, ఒకమ్మాయికి గుడి అరుగు, ఇంకొకడికి కరెంటు స్తంభం మీద వాళ్ల నాన్న గీసిన సున్నం గీత. బస్సులో పెదఎడ్లగాడి వంతెన దాటేవాళ్లు అక్కడి నీటి కొలత చూసి రాస్తారు. రాసేది తేదీ, ఎన్నో మెట్టు, గాలి ఎటు, ఉప్పుటేరు లాగుతోందా లేదా. ఈ చివరిది పెద్దవాళ్లని అడిగి రాయాలి, పిల్లలకి తెలియదు. అమావాస్య, పౌర్ణమి పోటుకి సముద్రం ఎదురు తంతుంది, ఉప్పుటేరు నీరు కదలదు. అదే వాన, అదే బుడమేరు, కానీ పౌర్ణమి ముందు వస్తే ఒక లెక్క, తరవాత వస్తే ఇంకో లెక్క. మా నాన్న తరానికి ఇది వేళ్ల మీద ఉండేది. మా స్కూల్లో దాన్ని పదో తరగతి పిల్లలు గ్రాఫు కాగితం మీద పెడుతున్నారు. ఒక వానాకాలం లెక్క ఉంది, అది చాలదని నాకు తెలుసు. అయినా మొన్న నవంబరు వానలకి ముందు మా చిన్నమ్మకి "మంచం చాలు, అటక వద్దు" అని చెప్పగలిగాం. ఆవిడ నమ్మలేదు, అటకే ఎక్కించింది. సరే.

గ్రూపు వల్ల నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది. మైలవరం మాస్టారు మొదట్లో తన వైపు వరదని తన ఊరి కష్టంగానే చూసేవారు. వాగు గట్లు ఆక్రమించి ఇళ్లు కట్టారనీ, క్వారీల మట్టి వాగులో పడుతోందనీ రాసేవారు. మా రేవు మెట్ల ఫొటోలు చూశాక ఒకరోజు అడిగారు: "మేడమ్, మా వాగు మట్టి మీ దగ్గర తేలుతుందా?" తేలుతుంది. కొల్లేరు లోతు అసలే తక్కువ, మనిషి మునిగే చోట్లు వెతుక్కోవాలి. ఏటేటా మట్టి పేరుకుంటే గీత ఐదులో ఉంచినా మూడులో ఉంచినా నీళ్లకి చోటు ఉండదు. ఆయన తన పిల్లలతో వాగు గట్టు మీద కానుగ మొక్కలు పెట్టించారు. సగం మేకలు తిన్నాయట. తిట్టుకుంటూ మళ్లీ పెట్టిస్తున్నారు. కొల్లేటి కోసం మైలవరంలో ఒకాయన మేకలతో గొడవ పడుతున్నారని మా ఊళ్లో చెబితే పెద్దవాళ్లు నవ్వారు గానీ, ఈసారి జాతరకి ఆయన్ని పిలవమన్నారు.

గుర్రపుడెక్క గురించి చెప్పకపోతే మావాళ్లు ఊరుకోరు. వరద రాగానే ఆ తూడంతా కొట్టుకొచ్చి పెదఎడ్లగాడి వంతెన ఖానాలకి అడ్డం పడుతుంది. నీరు దిగువకి పోదు, ఎగువన ఊళ్లు మునుగుతాయి. ఏటా మిషన్లు పెట్టి తీయిస్తారు, తీసేది ఎక్కువగా వరద వచ్చాకే. గట్టున పడేసిన తూడు తరవాతి వానకి మళ్లీ నీళ్లలోకే జారుతుంది. ముందే మే నెలలో, నీరు తక్కువున్నప్పుడు తీస్తే ఖర్చూ తక్కువే, మా ఊరి కుర్రాళ్లకి దోనెలు, గెడలు ఉన్నాయి, కూలి ఇస్తే చేస్తారు. ఈ మాట ఒక ఆఫీసులో చెప్తే ఇంకో ఆఫీసుకి వెళ్లమన్నారు. వంతెన ఒకరిది, కాలవ ఒకరిది, తూడు మొలిచిన నీరు ఇంకొకరిది. అక్కడ గూడు పెట్టుకున్న పిట్ట నాలుగో డిపార్ట్‌మెంటుది.

ఎండాకాలంలో కథ తిరగబడుతుంది. కొల్లేట్లో నీరు తగ్గిపోతుంది, సముద్రపు నీరు ఉప్పుటేరులో పైకి ఎగదన్నుతుంది. నీళ్ల మధ్య ఉండి ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుని తాగడం మాకు అలవాటైంది. ఉప్పు నీటిని ఆపడానికి ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కావాలన్నది దశాబ్దాల కోరిక, ప్రతిపాదనలు కూడా తయారయ్యాయి. నేను కట్టాలనే అంటాను, కానీ ఒక భయంతో. గేటు ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఎత్తాలి అన్నది ఎవరి చేతిలో ఉంటుంది? దాళ్వా రైతుకి ఒక మట్టం కావాలి, చెరువుల రైతుకి ఒకటి, వేటగాడికి ఒకటి, పక్షికి ఒకటి. ఉప్పుటేరు గురించి మా వైపు పాత కథ ఒకటుంది. కొల్లేటికోటలో దాక్కున్న సేనాపతిని పట్టుకోవడానికి శత్రువులు చిగురుకోట దగ్గర విడిది చేసి, సరస్సు నీళ్లు సముద్రంలోకి పోవాలని ఈ కాలవ తవ్వించారట. ఆ ఆపదలో సేనాపతి తన కూతుర్నే బలిచ్చాడట. అందుకే ఆ పాయని పేరంటాల కనుమ అంటారు. చిన్నప్పుడు ఈ కథ వింటే భయమేసేది. ఇప్పుడు వింటే, ఆ పిల్లని ఎవరూ అడగలేదు కదా అనిపిస్తుంది.

అటపాక పక్షుల కేంద్రానికి పిల్లల్ని తీసుకెళ్తుంటాను. చెట్లు చాలక ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటి మీద గూడబాతులు గూళ్లు పెట్టుకున్నాయి, ఎర్రకాళ్ల కొంగలు కూడా. చూడటానికి బాగుంటుంది, బోటు షికారు ఉంది, వేరుశనక్కాయలు అమ్ముతారు. కానీ అది చిన్న ముక్క. పిల్లలకి అదే కొల్లేరు అన్న అభిప్రాయం కలిగితే కష్టం. ఒక అబ్బాయి అన్నాడు, "మేడమ్, మా ఊరి దిబ్బ మీద కూడా స్టాండు పెడితే వస్తాయా?" వస్తాయి నాయనా, మీ నాన్న చెరువు చుట్టూ పిట్టల్ని బెదరగొట్టడానికి టపాసులు కాల్చకపోతే వస్తాయి. అది వాడికి చెప్పలేదు. చెప్పాల్సింది వాళ్ల నాన్నకి, ఏడాదికి ఎంత చేప పిట్టల పాలవుతుందో లెక్కేసి ఆ నష్టంలో ఎవరైనా వాటా పంచుకుంటేనే ఆయన వింటాడు.

కిందటేడు పూరీ యాత్రలో ఒడిశా చిలికా సరస్సు చూశాం. మాకంటే ఎంతో పెద్దది. సముద్రపు మొగ పూడిపోయి చేపలు తగ్గి, రామ్‌సర్ వాళ్ల ప్రమాదంలో ఉన్న సరస్సుల జాబితాకి ఎక్కిందది. 1991లో దానికంటూ ఒక అథారిటీ పెట్టారు, 2000లో కొత్త మొగ తవ్వారు, 2002లో ఆ జాబితాలోంచి బయటపడి రామ్‌సర్ అవార్డు కూడా తెచ్చుకుంది. అందరూ మొగ తవ్వడం గురించే చెప్తారు. నాకు నచ్చింది మాత్రం, పైన కొండల వైపు ఊళ్లవాళ్లని కూడగట్టి మట్టి కొట్టుకుపోకుండా పనులు చేయించడం. సరస్సు అథారిటీ సరస్సు కనిపించని ఊళ్లో ఖర్చు పెట్టింది. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు, రొయ్యల కోసం నీళ్లలో కంచెలు కట్టే గొడవ వాళ్లకీ ఉంది, వాళ్లూ పీకుతుంటారు, మళ్లీ కడుతుంటారు. అయినా అన్నీ ఒక గొడుగు కింద చూసే ఒక ఆఫీసు, దానికో పేరు, దాని గుమ్మం ఎక్కి అడగడానికి ఒక చోటు వాళ్లకి ఉంది.

మాకు కావాల్సింది కూడా పెద్దదేమీ కాదు. వానాకాలానికి ముందు ఒకసారి, తరవాత ఒకసారి, వెలగలేరు గేటు తిప్పే మనిషి, ఏలూరు, విజయవాడ మురుగు చూసే మనిషి, చెరువుల రైతు, అటవీశాఖ మనిషి, మా చిన్నమ్మ లాంటి లంక ఆడమనిషి ఒకే చోట కూర్చోవాలి. మా చిన్నమ్మ తప్పకుండా ఉండాలి, ఎందుకంటే పాత రచ్చబండ మీద ఆవిడకి చోటు లేదు కాబట్టే లీజు కాగితం అంత తేలిగ్గా సంతకమైంది. గీత ఐదులోనే ఉంచండి, నా ఓటు దానికే. జిరాయితీవాళ్లకి డబ్బివ్వండి. లోపల నీళ్లలో వేట హక్కు ఊళ్లకే రాసి ఇవ్వండి, వ్యక్తులకి వద్దు, లీజుకి ఇచ్చే వీలు లేకుండా రాయండి. ఈ మూడూ ఒకేసారి జరగాలి. ఒక్కటే చేస్తే ఏమవుతుందో 2006లో చూశాం.

అంతదాకా మా గ్రూపు నడుస్తుంది. ఈ జూన్‌కి పిల్లల నోటుబుక్కులు సిద్ధంగా ఉన్నాయి, రేవు మెట్ల మీద అంకెలు కొత్త పెయింటుతో వేయించాం. బుడమేరు వైపు మనుషులు సరిపోయారు, గుడివాడ వైపు కాలవలకీ ఇద్దరు దొరికారు. తమ్మిలేరు వైపే బోసిగా ఉంది, అది పాత పశ్చిమ గోదావరి కావడంతో మా బదిలీలు అటు తగల్లేదు. చింతలపూడి, లింగపాలెం దగ్గర, ముఖ్యంగా నాగిరెడ్డిగూడెం రిజర్వాయర్ పక్కన మీకు చుట్టాలుంటే చెప్పండి. టీచరే అయ్యుండక్కర్లేదు, కాలవ లస్కరు అయితే మరీ మంచిది. రోజుకో ఫొటో పెడితే చాలు, డీఏ బకాయిల గురించి తిట్టాల్సిన పని లేదు.